సెల్లుఫోను వీడియోలను చిన్నవి చేసి పంపుట : గింజ పోకుండ పొల్లు తీయు విధము

సేద్యపు పనిముట్లలో నేడు సెల్లుఫోను కూడ చేరినది. చేనికి తెగులు సోకినచో రైతు వీడియో తీసి వ్యవసాయాధికారికి పంపుచున్నాడు. వడగండ్లు పడినచో నష్టమును వీడియోగా నిలుపుకొనుచున్నాడు. విత్తనశుద్ధి మొదలగు పనులను సంఘములు వీడియోలుగా తీసి సభ్యులకు పంచుచున్నవి. తీయుటయందు కష్టము లేదు. పంపుటయందే చిక్కు కలదు. ఒక్క నిమిషపు వీడియో నూఱు మెగాబైట్లకు మించుట సామాన్యము. సిగ్నలు బలము లేని పల్లెలో అది పోవుటకు పావుగంట పట్టును. ఒక్కొక్కప్పుడు నడుమనే తెగిపోవును. దానిని మిక్కిలి నలిపి చిన్నది చేసినచో త్వరగనే పోవును గాని, చూచువారికి ఆకు కనబడును, ఆకుమీది పురుగు కనబడదు. చూపదలచినది కనబడని వీడియోవలన ప్రయోజనము లేదు. సలహా తప్పిపోవును, లేదా ఆలస్యమగును. ఆ నష్టము రైతుమీదనే పడును.

వీడియోను చిన్నది చేయుట కళ్లములో తూర్పారబట్టుట వంటి పని. గాలివాటము నెఱిగి పోసినవానికి పొల్లు దూరముగా పోయి గింజ కాళ్లయొద్ద రాలును. ఎఱుగక పోసినవానికి గింజయు పొల్లుతో పోవును. వీడియోలో ఏది గింజయో, ఏది పొల్లో యంత్రమునకు తెలియదు. తీసిన రైతునకే తెలియును. కావున అతడు దానిని ముందుగా నిశ్చయించుకొని, పొల్లును తానే తీసివేసి, పిమ్మట యంత్రమునకు అప్పగింపవలెను. మేము ఈ వ్యాసమున చెప్పదలచినది ఇదియే.

వీడియో బరువగుటకు కారణము

వీడియో యనగా వెంటవెంటనే చూపబడు బొమ్మల వరుస. సామాన్యముగా సెకనుకు 30 బొమ్మలుండును. ఒక్కొక్క బొమ్మ చిన్న చుక్కల కూర్పు. మన ఫోనులలో 1080పి అని వ్రాయబడు కొలతయందు అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు, అనగా మొత్తము 20,73,600 చుక్కలు కలవు. చుక్కకు మూడు బైట్ల చొప్పున ఉన్నదున్నట్లు వ్రాసినచో ఒక్క బొమ్మకే 62 లక్షల బైట్లగును. ఒక నిమిషమునకు లెక్క కట్టినచో పదునొకండు వేల మెగాబైట్లకు మించును. అంతటి దానిని ఫోను తనలో దాచుకొనుటకే సుమారు 130 మెగాబైట్లకు దించుచున్నది. అనగా మన చేతికి వచ్చునప్పటికే అది యొకసారి తూర్పారబట్టబడినది.

ఈ తగ్గింపు ఎట్లు జరుగునో సంఘసభ్యులకు పద్దుల పుస్తకమును చూపి చెప్పవచ్చును. గుమాస్తా ప్రతిదినము సభ్యులందఱి నిలువలను మరల మరల వ్రాయడు. మొదట నిలువ వ్రాసికొని, పిమ్మట మాఱిన పద్దులను మాత్రమే వ్రాయును; నడుమ నడుమ నిలువ తేల్చును. ఫోనుకూడ మొదటి బొమ్మను పూర్తిగా వ్రాసి, తరువాతి బొమ్మలలో మాఱిన భాగములను మాత్రమే వ్రాయును. కొంతసేపటి కొకసారి మరల పూర్తి బొమ్మ నుంచును. ఇందువలన ఒక సంగతి తేలుచున్నది. చేయి కదలక పట్టుకొన్నచో మాఱునది తక్కువ, పద్దు చిన్నది. చేయి వణకినను, గాలికి చేనంతయు ఊగినను ప్రతి చుక్కయు మాఱును, పద్దు పెరుగును. పద్దునకు చోటు చాలనప్పుడు యంత్రము అన్నిటిని మసకగా వ్రాయును.

రెండవ ఉపాయము మన కంటి స్వభావమును బట్టి యేర్పడినది. మనుష్యుని కన్ను వెలుగు నీడల భేదమును గుర్తించినంత నిశితముగా రంగుల భేదమును గుర్తింపజాలదు. కావున వెలుగును ప్రతి చుక్కకును, రంగును నాలుగు చుక్కలకు ఒకసారియు వ్రాయుదురు.

మూడవ ఉపాయము గణితమునకు సంబంధించినది. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా కోసి, ఒక్కొక్క గడిలోని వెలుగును పెద్ద అలలుగను, చిన్న అలలుగను విడదీయుదురు. పెద్ద అలలు ఆకు, ఆకాశము, నేల మొదలగు వాని ఆకారమును చెప్పును. చిన్న అలలు సన్నని గీతలను, చుక్కలవంటి మచ్చలను చెప్పును. చోటు తగ్గింపవలసి వచ్చినప్పుడు చిన్న అలలను మొరటుగా వ్రాయుదురు, లేదా విడిచిపెట్టుదురు. ఈ గణితమునకు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అని పేరు. దీనిని 1974 జనవరిలో నసీర్ అహమ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు అను మువ్వురు కలిసి ప్రకటించిరి. వీరిలో నసీర్ అహమ్మద్ బెంగళూరున జన్మించినవాడు. 1992లో వచ్చిన జేపెగ్ ఫోటోలకును, 2003లో వచ్చిన హెచ్. 264 వీడియోలకును ఆ గణితమే పునాది.

రైతు గమనింపవలసిన దేమనగా, యంత్రము మొదట విడిచిపెట్టునది సన్నని వివరమునే. చేనిలో తెగులును గుర్తింపజేయునదియు ఆ సన్నని వివరమే. యంత్రము దృష్టిలో పురుగు పొల్లు; మన దృష్టిలో అదియే గింజ.

దగ్గఱకు పోవుటకు ఖర్చు లేదు

దీనికి మిరప తోటను దృష్టాంతముగ తీసికొందము. తామరపురుగు పట్టినచో మిరప ఆకులు పైకి ముడుచుకొనును. తెల్లనల్లి పట్టినచో క్రిందికి ముడుచుకొనును. రెండింటికిని మందులు వేఱు. 2021లో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల మిరప తోటలపై నల్ల తామరపురుగు అను మఱియొక జాతి దండెత్తినది. శాస్త్రజ్ఞులు త్రిప్స్ పార్విస్పైనస్ అని పిలుచు ఈ పురుగు పూలలో గుంపులుగా చేరును. పూత రాలి కాపు దెబ్బతినును. దాని పొడవు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. మసక వీడియో చూచి యిది నల్లియో, తామరయో, అందును ఏ తామరయో ఎవరును చెప్పజాలరు. తప్పుగ చెప్పినచో రైతు పనికిరాని మందు కొని చల్లును. సొమ్ము పోవును, పురుగు నిలుచును.

ఇప్పుడు చుక్కల లెక్క చూతము. రైతు గట్టుమీద నిలువబడి, ఒక మీటరు వెడల్పు తెరలో పట్టునట్లు 4కె కొలతలో వీడియో తీసెననుకొందము. ఆ కొలతకు అడ్డముగా 3,840 చుక్కలు కలవు. ఒక మిల్లీమీటరు పురుగునకు నాలుగు చుక్కలు కూడ దక్కవు. అదే రైతు వంగి, పదునైదు సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే తెరనిండ వచ్చునట్లు, అడ్డముగా 1,280 చుక్కలే గల 720పి కొలతలో తీసిన యెడల పురుగునకు ఎనిమిది చుక్కలు దక్కును. మొదటి వీడియోలోని చుక్కలు రెండవదానిలోని చుక్కలకు తొమ్మిది రెట్లు. పురుగు కనబడుట మాత్రము రెండవదానిలోనే రెట్టింపు. వంగి దగ్గఱకు పోవుటకు ఒక్క మెగాబైటు కూడ ఖర్చు కాదు. ఫోనులోని జూమును లాగుటకంటె కాళ్లతో నాలుగడుగులు వేయుట మేలు.

మఱియొక ఉపాయము కలదు. పూవును తెల్లకాగితముమీద దులిపి, కాగితమును నేలపై నుంచి తీయవలెను. నల్లని పురుగు తెల్లని కాగితముమీద స్పష్టముగ కనబడును. కాగితము ఊగదు, దానిమీద వివరము లేదు. కావున యంత్రము తన చోటునంతయు పురుగునకే కేటాయించును. గాలి నిలిచిన వేళ, మంచి వెలుతురులో తీయుడు. మసక వెలుతురులో బొమ్మయందు ఇసుక చల్లినట్లు చుక్కలు లేచును. అవి సెకను సెకనుకు మాఱుచుండుటచే పద్దును వృథాగా పెంచును. తీయుటకు ముందు ఫోను అద్దమును మెత్తని గుడ్డతో తుడువ మఱవకుడు.

బరువు లెక్క

నాలుగు సోలలు ఒక మానిక యైనట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు. వీడియో బరువు తెలియుటకు సెకనుకు ఎన్ని మెగాబిట్లో చూచి, దానిని సెకనులచే హెచ్చించి, ఎనిమిదిచే భాగింపవలెను. 1080పి వీడియో సెకనుకు 17 మెగాబిట్ల చొప్పున తీయబడినచో ఒక నిమిషమునకు 127 మెగాబైట్లకు మించును. మన పల్లెనుండి సెకనుకు ఒక మెగాబిట్టు మాత్రమే పైకి పోవుచున్నదనుకొన్నచో, అది చేరుటకు 17 నిమిషములు పట్టును. అదే వీడియోలో పనికివచ్చు 20 సెకనులను మాత్రము కోసి యుంచినచో 42 మెగాబైట్లకు దిగును. 5 నిమిషముల 40 సెకనులలో చేరును. ఆ 20 సెకనులను 720పి కొలతకు, సెకనుకు 4 మెగాబిట్లకు దించినచో 10 మెగాబైట్లే యగును. 80 సెకనులలో చేరును. పదునేడు నిమిషముల పని నిమిషమున్నరలోపల ముగిసినది. దగ్గఱగా తీసిన వీడియో యైనచో చూపవలసిన పురుగు చెక్కుచెదరలేదు.

తగ్గింపవలసిన క్రమము

తగ్గించుటకు ఒక వరుస కలదు. నాణ్యము పోని తగ్గింపులను ముందు చేసి, నాణ్యము పోవు తగ్గింపును చిట్టచివరకు ఉంచవలెను.

మొదటిది, నిడివి. ఫోనులోనే వీడియోను తెఱచి, సవరించు గుర్తును నొక్కి, ముందు వెనుకల అక్కఱలేని భాగములను కోయవచ్చును. నడచుచు తీసినది, నేలను చూపినది, మాటలు వెదకుకొన్నది అంతయు పొల్లే. చేనంతటికి ఐదు సెకనులు, ఒక మొక్కకు ఐదు సెకనులు, తెగులున్న చోటికి పది సెకనులు చాలును.

రెండవది, కొలత. 4కె లో తీసినదానిని 1080పి కి గాని 720పి కి గాని దింపుడు. చూచువారి ఫోను తెర చిన్నది. అందు 4కె కును 1080పి కిని భేదము కన్నులకు తెలియుట యరుదు. సెకనుకు 60 బొమ్మల చొప్పున తీయుట వ్యవసాయపు పనులకు సామాన్యముగ అక్కఱలేదు, 30 చాలును.

మూడవది, వ్రాయు పద్ధతి. దీనిని కోడెక్ అందురు. 2003 నాటి హెచ్. 264 ను దాదాపు అన్ని ఫోనులును చదువగలవు. 2013లో వచ్చిన హెచ్. 265 ఇంచుమించు సగము బరువులోనే అంతటి నాణ్యము నిచ్చును. కాని పాత ఫోనులు కొన్ని దానిని తెఱువజాలవు. ఎవరి ఫోను ఎట్టిదో తెలియనప్పుడు హెచ్. 264 నే వాడుట మంచిది.

నాలుగవది, నాణ్యము. పై మూడును చేసిన పిమ్మట కూడ బరువు మిగిలినచో మాత్రమే దీనిని ముట్టవలెను.

ధ్వనిని గుఱించి యొక్క మాట. మాటలకు సెకనుకు 64 కిలోబిట్లు చాలును. అది నిమిషమునకు అర మెగాబైటు మాత్రమే. కావున ధ్వనిని తీసివేయుటచే కలుగు లాభము స్వల్పము. అయితే రైతు చూపవలసినది లేక చెప్పవలసినది మాత్రమే యున్నచో, ముఖము చూపుచు వీడియో తీయుటకంటె మాటను మాత్రమే రికార్డు చేసి పంపుట మేలు.

సంఘ కార్యాలయమున చేయదగిన పని

దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022 జూన్ నెలలో ఆమోదించినది. కంప్యూటరు గల సంఘములు అందు హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత సాధనమును ఉంచుకొనవచ్చును. అందు నాణ్యమును ఆర్.ఎఫ్. అను అంకెతో కొలుతురు. అంకె తగ్గిన కొలది నాణ్యమును, బరువును పెరుగును; అంకె పెరిగిన కొలది రెండును తగ్గును. ఆఱు అంకెలు పెంచినచో బరువు ఇంచుమించు సగమగును. 1080పి వీడియోకు 20 మొదలు 24 వఱకు, 720పి కి 19 మొదలు 23 వఱకు తగిన అంకెలని ఆ సాధనమును నిర్మించినవారే చెప్పుచున్నారు. తెగులు చూపు వీడియోలకు చిన్న అంకెను, మాటలు ముఖ్యమైన వీడియోలకు పెద్ద అంకెను వాడవలెను. ముందుగా పది సెకనుల ముక్కను చేసి, తెఱచి, చూపదలచినది కనబడుచున్నదా యని పరీక్షించి, పిమ్మట మొత్తమును చేయవలెను. వంట దింపుటకు ముందు ఒక మెతుకు పట్టి చూచుట వంటిది ఇది.

పంపునప్పుడు

వాట్సాప్‌లో వీడియోను మామూలుగా పంపినచో అది తానే మరల చిన్నది చేసి పంపును. 2023 నుండి హెచ్.డి. అను ఎంపిక వచ్చినది. దానిని నొక్కినచో నాణ్యము కొంత నిలుచును. వీడియోను మనమే తగినట్లు చిన్నది చేసికొన్న పిమ్మట డాక్యుమెంటు అను మార్గమున పంపినచో ఉన్నదున్నట్లు చేరును. 2022 నుండి ఈ మార్గమున రెండు గిగాబైట్ల వఱకు పోవును. జీమెయిలులో జతచేయుటకు 25 మెగాబైట్లు హద్దు. అంతకు మించినదానిని డ్రైవులో నుంచి లింకు పంపవలెను.

కొందఱు వీడియోను జిప్ చేసినచో తగ్గునని తలతురు. అది వట్టి భ్రమ. ఒకసారి తూర్పారబట్టిన గింజను మరల ఎగురబోసిన పొల్లు రాదు. అట్లే, ఒకసారి చిన్నది చేసినదానిని మరల మరల చిన్నది చేయరాదు. చేసిన ప్రతిసారియు మఱికొంత వివరము పోవును. పోయిన వివరమును తరువాత పెద్ద కొలతకు మార్చినను తిరిగి తెచ్చుకొనజాలము. కావున చిన్నది చేయవలసినప్పుడెల్ల మూలమునుండియే చేయవలెను. మూలమును పని ముగియువఱకు చెఱుపరాదు.

గింజ యేది?

పని ననుసరించి గింజ మాఱును. తెగులు చూపునప్పుడు సన్నని వివరము గింజ, నిడివి పొల్లు. విత్తనశుద్ధి, అంటుకట్టుట మున్నగు పనులను నేర్పు వీడియోలలో మాటయు, చేతి కదలికయు గింజ. సన్నని వివరము కొంత పోయినను నష్టము లేదు. అట్టి వీడియోలను మొదటనే ఫోనును 720పి కి మార్చుకొని తీయవచ్చును.

వడగండ్లచే కలిగిన నష్టమును చూపునప్పుడు చేని విస్తీర్ణమును, చోటును, తేదీయును గింజ. ఇందు మఱింత జాగ్రత్త కావలెను. ఫోను వీడియోలో తీసిన వేళను, అనుమతి యిచ్చినచో చోటును కూడ దాచును. మార్చి పంపునప్పుడు అవి తఱచుగా తొలగిపోవును. కావున చిన్నదానిని పంపుడు. మూలమును ఫోనులోనో సంఘపు కంప్యూటరులోనో భద్రపఱచుడు. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా వర్తించు చోట్ల వడగండ్ల వంటి స్థానిక విపత్తుచే కలిగిన నష్టమును 72 గంటలలోపల తెలియజేయవలెనని నిబంధన కలదు. వీడియో చేరలేదని కూర్చుండక, నియమిత మార్గమున నష్టమును ముందుగా తెలియజేసి, రసీదు లేక సంఖ్య పొంది, వీడియో పని పిమ్మట చూచుకొనుడు.

ప్రతి సంఘమునందును చదువుకొన్న యువకులో, యువతులో ఒకరిద్దఱు ఈ పనిని నేర్చుకొన్నచో గ్రామమంతటికిని ఉపకారమగును. నేర్చుటకు ఒక పూట చాలును. సంఘ కార్యాలయపు గోడమీద నాలుగు మాటలు వ్రాసి యుంచుడు: దగ్గఱకు పొమ్ము, కదలక పట్టుము, కోసి పంపుము, మూలము దాచుము. అధికారి చూడవలసినది ఆయన కంట బడి, తగిన మందు తగిన దినముననే చేనికి చేరినచో, ఈ నాలుగు మాటలవలన పూత నిలుచును; కళ్లమునకు నాలుగు బస్తాలు ఎక్కువ వచ్చును.